నోటీసు బోర్డు మీద రాజేశ్వరి

మా వరంగల్‌లో ఎవరైనా ఇంట్లోవాళ్ళని కాదని పెళ్ళి చేసుకుంటే ‘కోర్టుల లగ్గం చేస్కున్నరట’ అంటారు. నిజానికి ఆ లగ్గం కోర్టులో జరగదు, జడ్జి చెయ్యడు. జరిగేది రిజిస్ట్రేషన్ ఆఫీసులో, భూములూ ప్లాట్లూ చేతులు మారే చోట. అయినా కోర్టు అన్న మాటే నిలిచిపోయింది. మన వాడుకలో కోర్టంటే తగాదా, నేరం, శిక్ష. పెద్దలు చేసిన పెళ్ళికి ముహూర్తం, తాను చేసుకున్న పెళ్ళికి కోర్టు!

రెండేళ్ళ క్రితం నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. “మేడం, సాక్షి సంతకాలకు ముగ్గురు కావాల్నట. మీరొస్తరా?” ఆమెదొక మతం, అబ్బాయిది ఇంకో మతం. పెళ్ళి కోసం మతం మారడం ఇద్దరికీ ఇష్టం లేదు. అలాంటి వాళ్ళకున్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. నేను వెళ్ళేసరికి ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాళ్ళ బల్లల చుట్టూ జనం. లోపల బోర్డు మీద ముప్ఫై రోజుల క్రితం అంటించిన వీళ్ళ నోటీసు అంచులు లేచి అలాగే ఉంది. ఆ అమ్మాయి చున్నీ ముఖం మీదికి లాక్కుని దానికి వీపు పెట్టి నిలబడింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనక ఏ కాగితాన్నైనా ఒక పాఠంగా చదవడం నాకలవాటు. ఆ నోటీసునూ అలాగే చదివాను. చట్టం ఇచ్చిన నమూనాలో ఉన్న గడులు కొన్నే. పేరు, పెళ్ళి కానివారా వితంతువా విడాకులు పొందినవారా అన్న వివరం, వృత్తి, వయసు, నివాసం, అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారన్నది. కులానికి గడి లేదు. మతానికి లేదు. కన్యాదాత ఊసే లేదు. పెళ్ళి రోజున అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు ఇద్దరూ చెప్పాల్సిన వాక్యమూ ఒకటే. నిన్ను చట్టబద్ధంగా స్వీకరిస్తున్నానని ఆమె అతనితో అంటుంది, అతను ఆమెతో అంటాడు. భార్య, భర్త అన్న మాట ఒక్కటే మారుతుంది. ఒకరు ఇవ్వడం, ఇంకొకరు పుచ్చుకోవడం లేవు. మన పెళ్ళి మంత్రాల్లో గానీ, శుభలేఖల్లో గానీ ఇంత సమానమైన వాక్యం నాకు కనిపించలేదు.

కానీ ఆ వాక్యం దాకా చేరాలంటే ముప్ఫై రోజులు బోర్డు మీద వేలాడాలి. నోటీసు పుస్తకాన్ని ఎవరైనా రుసుము లేకుండా చూడొచ్చు. ఇద్దరిలో ఎవరిదైనా సొంత జిల్లా వేరేదైతే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ పోతుంది. అభ్యంతరం చెప్పడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే. జీవిత భాగస్వామి బతికి ఉండటం, వయసు చాలకపోవడం, నిషిద్ధమైన బంధుత్వం, సమ్మతి చెప్పగల మానసిక స్థితి లేకపోవడం. తండ్రికి ఇష్టం లేకపోవడం ఆ జాబితాలో లేదు. అయితే కత్తి పట్టుకుని వచ్చే తండ్రి అభ్యంతర పత్రం రాసి ఇవ్వడు కదా! అతనికి కావలసింది చిరునామా. దాన్ని చట్టమే రాసి గోడకు అంటిస్తుంది. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆస్పత్రి ముందు చంపినప్పుడు, పెళ్ళయ్యాక కూడా కులం ఎంత దూరం వెంటాడుతుందో చూశాం. ఇక పెళ్ళి కాకముందు ఆ ముప్ఫై రోజుల సంగతి చెప్పాలా? ఈ ప్రకటన ఆ జంట కోరుకుంటేనే ఉండాలని 2021లో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. చట్టంలో ఆ సెక్షన్ మాత్రం అలాగే ఉంది.

ఆ బోర్డు ముందు నాకు చలం ‘మైదానం’ గుర్తొచ్చింది. 1927 నాటి ఆ నవల మీద మన విమర్శ అంతా రాజేశ్వరిది స్వేచ్ఛా, విశృంఖలత్వమా అన్న వాదన చుట్టూ తిరిగింది. అమీరుతో వెళ్ళిన రాజేశ్వరి అక్కడా సేవలే చేసింది కదా అని స్త్రీవాదులు సరైన ప్రశ్నే అడిగారు. అయితే, వెళ్ళడానికి ఆమెకు ఇంకెక్కడ చోటుందని అడగడం మరిచాం. రాజేశ్వరి ప్లీడరు భార్య. చట్టం ఆమె ఇంట్లోనే, బీరువాల నిండా ఉంది. అందులో ఆమెకు పనికొచ్చే పేజీ ఒక్కటీ లేదు. శ్రామిక కులాల్లో విడాకులూ మారుమనువూ ఆచారంగా ఉన్నాయి గానీ బ్రాహ్మణ స్త్రీకి ఆ కాలంలో విడాకులే లేవు. విడాకులు ఉన్నాయనుకున్నా, హిందూ స్త్రీ ముస్లిం పురుషుణ్ణి ఎవరి మతం వాళ్ళు ఉంచుకుని చేసుకునే వీలు 1872 నాటి చట్టంలో లేదు. 1923 సవరణ కూడా హిందూ, బౌద్ధ, సిక్కు, జైన మతాల మధ్యనే తలుపు తెరిచింది. భర్తకు మాత్రం శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఉంది. భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద కేసు పెట్టొచ్చు. భార్య మీద పెట్టడానికి లేదు, ఎందుకంటే ఆమె పోయిన సొత్తు! 2018లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ సెక్షన్ బతికే ఉంది.

ఈ వెలుగులో చదివితే మైదానం ఒట్టి ప్రతీక కాదు. ఆమె పేరు రాసుకునే పుస్తకం ఊళ్ళో ఎక్కడా లేదు కనక మిగిలిన చోటు. దాన్ని ప్రకృతి అనీ, స్వేచ్ఛ అనీ కీర్తించిన విమర్శ ఆమె నిరాశ్రయాన్ని అందంగా చూసింది.

ఇది నాకూ వర్తిస్తుంది. మాది దండల పెళ్ళి. ఇద్దరం హిందువులుగా పుట్టినవాళ్ళమే, కులాలు వేరు. హనుమకొండలో ఒక చిన్న హాల్లో, పాటలూ ఉపన్యాసాల మధ్య దండలు మార్చుకున్నాం. తాళి లేదు, పురోహితుడు లేడు. ‘కాగితం ముక్కతో పనేముంది’ అని ఆ వేదిక మీద నేనే అన్నాను, చప్పట్లు కొట్టారు. కొన్నేళ్ళకు అలాగే దండలు మార్చుకున్న ఒక స్నేహితురాలు మనోవర్తి అడిగితే, అసలు మాకు పెళ్ళే కాలేదని అతను వాదించాడు. తాళి లేకపోవడం అభ్యుదయమని సభల్లో చెప్పిన మనిషే, అదే తాళి లేకపోవడాన్ని సాక్ష్యంగా పెట్టాడు. వాదన అతను కొత్తగా కనిపెట్టింది కాదు. 1965లోనే, రెండో పెళ్ళిలో తగిన తంతు జరిగినట్టు రుజువు కాలేదని సుప్రీంకోర్టు ఒక భర్తను ద్విభార్యత్వం నేరం నుంచి వదిలేసింది. 2024లో మళ్ళీ చెప్పింది. హిందూ వివాహ చట్టం కింద తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది పెళ్ళి కాదని. దండల పెళ్ళికి తమిళనాడు 1967లో చట్టబద్ధత ఇచ్చుకుంది. ఆ సవరణ ఆ రాష్ట్రానికే.

స్నేహితురాలి సంగతి తెలిశాక మేమూ రిజిస్టర్ చేయించుకోడానికి వెళ్ళాం. ఏ ఊళ్ళోనన్నది వదిలేయండి. గుమాస్తా మా పెళ్ళి ఫోటో తిప్పి తిప్పి చూసి, “తాళి కనబడ్తలేదేందమ్మా, గుళ్ళ ఒక ఫోటో దిగిరారాదు” అన్నాడు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. మేం దిగలేదు. వేరే పద్ధతిలో జరిగిన పెళ్ళిని నమోదు చేసే వీలు ప్రత్యేక వివాహ చట్టంలోనే ఉంది. అలాగే చేయించుకున్నాం, మళ్ళీ ముప్ఫై రోజుల నోటీసుతో. మా పేర్లు బోర్డు మీద ఉన్నన్నాళ్ళూ మాకేం భయం లేదు. ఇద్దరం ఉద్యోగస్తులం, ఇళ్ళల్లో ఒప్పుకున్నవాళ్ళం. కాగితంతో పనిలేదని వేదికెక్కి అనగలిగే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఆ సర్టిఫికెట్ ఇంట్లో సమానత్వం తెస్తుందని నేననడం లేదు. సంతకం చేసిన చేత్తోనే ఇంటికెళ్ళి అంట్లు తోముతాం. నేను చెప్పేది ఇంతే. పెళ్ళిలోని హింస గురించి రాశాం, పెళ్ళి వదిలి వెళ్ళడం గురించి రాశాం. నోటీసుకీ సంతకానికీ మధ్య ఒక స్త్రీ ఎలా బతికిందన్నది మాత్రం నేను చదివిన కథల్లో ఒక వాక్యంలో దాటిపోయింది. ‘రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నారు’ అని. విమర్శకురాలిగా నేనూ ఆ వాక్యాన్ని ఇన్నాళ్ళూ ఆగకుండా చదివాను.

ఆ రోజు మూడో సాక్షిగా సంతకం చేసి బయటికొచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, ఈ ముప్ఫై రోజులూ ఎక్కడున్నావని. మూడు హాస్టళ్ళు మారిందట, ఫోను సిమ్ము తీసేసిందట. ఊరి ఆఫీసుకు పోయిన కాపీని ఎవరు చూశారోనని రాత్రుళ్ళు లెక్కలేసుకునేదట. “ఇవన్నీ రాయవే” అన్నాను. “ఇప్పుడు కాదు మేడం. రాస్తే మా అడ్రస్ తెలుస్తది” అంది.