గోపల్లవారి నిస్సంకోచం

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రచన చేసిన కి. రాజనారాయణన్ (1923-2021) మన విద్యార్థులకు తెలియవలసినంతగా తెలియలేదనిపిస్తుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన స్వగ్రామం. తెలుగునాటినుంచి దక్షిణానికి తరలిపోయి, తమిళులు ‘కరిసల్’ అనే నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్న కమ్మకుటుంబాల కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ (1976) నవలలో చెప్పారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది.

వలస కథ అనగానే విడిచివచ్చిన ఊరిమీది బెంగను ఎదురుచూస్తాం. ఈ నవలలో దుఃఖానికి కొరతేమీ లేదు. చెన్నాదేవి అందం ఒక పాలకుడి కంటబడినందుకు కుటుంబాలకు కుటుంబాలే పారిపోవలసివస్తుంది. దారిలో నానా అగచాట్లు పడి, చివరకు అడవికి నిప్పుపెట్టి నేల సంపాదించుకుంటారు. అయితే ఇదంతా 137 ఏళ్ల మంగత్తాయారు అవ్వ నోట వింటాం. తరాలుగా చెప్పుకోగా చెప్పుకోగా ఆ దుఃఖం నునుపుదేరింది. ఆమె ఎవరి జాలినీ కోరదు.

ఊరివాళ్లదీ అదే తీరు. ఎవరి వాలకాన్నిబట్టి వారికో పేరు పెట్టుకుంటారు. అక్కయ్య నోరు విప్పితే నవ్వులే. తాము ఇక్కడివాళ్లమా, అక్కడివాళ్లమా అని తర్కించుకుంటూ కూర్చోరు. తమ బతుకును పరాయి కళ్లతో చూసుకునే అలవాటు వారికి లేదు. వారి సంతోషానికి మూలం ఇదేనని మా అభిప్రాయం.

ఈ సహజత్వం రచయితకు అప్రయత్నంగా అబ్బిందనుకుంటే పొరపాటు. కరిసల్ సీమ మాటలను పోగుచేసి 1982లో నిఘంటువు వెలువరించినవారాయన. ప్రతి మాటనూ చెవిలో వేసుకుని తూచినవాడే ఇంత తేలికగా రాయగలడు. భాషాశాస్త్రం చదువుకున్న మాకు ఇది పాఠమే.

ఒక్క లోటు మాత్రం చెప్పక తప్పదు. ఈ ఊరి సంతోషాన్ని మనం చాలావరకు కోట్టయ్యార్ వారి పెద్దింటి అరుగుమీదినుంచే చూస్తాం. భూమి ఉన్నవాడికి నిస్సంకోచం సులువు. ఆ పొలాల్లో కూలికి వంగినవారు కూడా అంత నిర్భయంగా నవ్వగలిగారా అన్న ప్రశ్నను నవల గట్టిగా పట్టించుకోదు.

అయినా దీన్ని మన విద్యార్థులు చదవాలనే మా కోరిక. హోసూరు పిల్లవాడైనా, బరంపురం అమ్మాయైనా తరగతిలో లేచి మాట్లాడబోతే, ఇంటి మాట నోటిదాకా వచ్చి ఆగిపోవటం మనం ఎరుగుదుం. అది ‘అసలు’ తెలుగు కాదేమోనని జంకు. ఆ జంకుతోపాటు అవ్వ చెప్పిన కథ కూడా గొంతులోనే ఉండిపోతుంది. తెలుగు బడి చదువు లేకపోవటంకన్నా ఇది పెద్ద నష్టం. కనుక ముందు అవ్వ కథను అవ్వ మాటల్లోనే రాసుకోండి. దిద్దుకోవటం తరవాత చూసుకుందాం.