దారిన పోయేవారిని అడిగే రాళ్లు

ఐర్లండ్ నడిమధ్య, షానన్ నది ఒడ్డున క్లాన్‌మెక్‌నాయిస్ అనే పాత మఠం ఉంది. ఆరో శతాబ్దం మధ్యలో కియారాన్ అనే సాధువు నెలకొల్పాడు. గుడుల కప్పులు చాలావరకు ఎప్పుడో పోయాయి. ఆ ఆవరణలో ఇప్పటిదాకా దొరికిన సమాధి పలకలు, ముక్కలతో కలిపి, 700 పైమాటే. ఎక్కువ భాగం 8వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం లోపు చెక్కినవి.

సమాధి రాయి అంటే నిలబెట్టిన బండ గుర్తొస్తుంది మనకు. ఇవి గోరీ మీద పడుకోబెట్టిన ఇసుకరాతి పలకలు. మధ్యలో శిలువ, పక్కన ఒక్క వరుస రాత. అది చాలాసార్లు ‘ఓర్ దో’ అని మొదలై, ఒక పేరుతో ముగుస్తుంది. ఫలానావారి కోసం ప్రార్థించు అని అర్థం. పుట్టిన తేదీ, పోయిన తేదీ, బిరుదావళి ఏవీ ఉండవు. చర్చి భాష లాటిన్ అయినా, రాత మాత్రం జనం మాట్లాడే ఐరిష్‌లోనే ఉంటుంది. అడుగుతున్నది దారిన పోయేవారిని కదా!

‘ఓర్’ అన్నది కూడా పూర్తి మాట కాదు, ‘ఒరోయిత్’కు పొట్టి రూపం. తోలు కాగితం మీద చోటు మిగుల్చుకోవడానికి లేఖకులు ఇలాగే మాటలు కుదించేవారు. అదే అలవాటు, పుస్తకాల్లోని అదే గుండ్రటి అక్షరం రాతి మీదికీ వచ్చాయి. అలాంటి లేఖకులు ఇక్కడా ఉండేవారు: 1106లో హతుడైన మేల్ ముయిరె ఈ మఠంవాడే.

ఇక పనితనం. వృత్తలేఖినితో గుండ్రాలు గీసుకుని, మొన ఉలితో చుక్కచుక్కగా కొట్టుకుంటూ పోవాలి. చుక్కలు కలిస్తే గాడి. గాడిని రుద్దితే గీత. అసలు నేర్పు పట్టీల అల్లిక దగ్గర కనిపిస్తుంది. కిందినుంచి వెళ్లే పట్టీని పై పట్టీ అంచున ఆపేసి, అవతల మళ్లీ అందుకుంటాడు శిల్పి. మన మెలికల ముగ్గులో గీత గీతను దాటి పోతుంది, ఇక్కడ ఆగి తప్పుకుంటుంది. అంత మాత్రానికే, చదును రాయి మీద ఒకటి పైన, ఒకటి కింద ఉన్నట్టు కన్ను నమ్మేస్తుంది.

తేదీలు లేని రాళ్ల వయసు చెప్పాలంటే పేర్లే ఆధారం. ‘సువ్నె మాక్ మేలె హుమయి’ అని ఒక పలక మీద ఉంది. ఆయన పండితుడు. ఆయన మరణవార్త ఇంగ్లండ్ చేరి, అక్కడి చరిత్ర గ్రంథం ఆంగ్లో-శాక్సన్ వృత్తాంతంలో 891వ సంవత్సరం కిందికి ఎక్కింది. అంతటివాడికి కూడా పలక మీద దక్కింది ఆ ఒక్క వరుసే. 19వ శతాబ్దంలో జార్జ్ పెట్రీ ఈ పలకల బొమ్మలు గీసి పెట్టాడు. వాటిని మార్గరెట్ స్టోక్స్ 1872లో పుస్తకంగా తెచ్చింది.

అలంకారం కిక్కిరిసిన పలకల ముందు నేను ఎక్కువసేపు నిలవలేను. నాకు నచ్చినది ‘ఓర్ దో తువథల్ సైర్’ అన్న పలక. కర్ర పనివాడైనా రాతి పనివాడైనా ‘సైర్’ అనే అనేవారు, మనం మేస్త్రి అన్నట్టు. తువథల్ మేస్త్రి కోసం ప్రార్థించమని అడుగుతోంది ఆ రాయి. దాన్ని చెక్కిన మేస్త్రి తన పేరు వేసుకోలేదు.