కాముణ్ణి కాల్చాక మిగిలే పాట

ఫాల్గుణ పున్నమి దగ్గరపడుతోందంటే పట్నాల్లో రంగుల పొట్లాలు గుర్తొస్తాయి. మా వైపు ముందు గుర్తొచ్చేది కట్టెలు. కుర్రకారు ఉన్న వీధిలో విరిగిన స్టూలో, పాత తలుపు చెక్కో బయట పెట్టారా, తెల్లారేసరికి అది కాముడి పాలే! దొంగతనమని ఎవరూ గట్టిగా తిట్టరు. తిట్టినా ఆ తిట్టు కూడా పండుగలో భాగమే. కేలండర్లో హోళీ అని ఉంటుంది గానీ, పెద్దతరం ఆడవాళ్ల నోట ఇది ఎప్పుడూ కాముని పున్నమే.

ఈ పండుగ కథ మీకు తెలియనిది కాదు. తారకాసురుణ్ణి చంపడానికి శివుడికి కొడుకు పుట్టాలి. తపస్సులో ఉన్న శివుడి మనసు కదిలించమని దేవతలు మన్మథుణ్ణి పంపారు. పూలబాణం వెయ్యబోయాడు, మూడో కన్నుకు బూడిదయ్యాడు. కథ అక్కడితో అయిపోయిందనుకుంటే మనం మంట చుట్టూ తిరిగి, బొట్టంత బూడిద నుదుట పెట్టుకుని ఇంటికి రావలసిందే. కానీ ఈ పండుగ చుట్టూ ఆడవాళ్లూ పిల్లలూ పాడే పాటలు విన్నారా? వాటికి బూడిద మీద అంత ఆసక్తి లేదు. ఆ తర్వాత ఏం మొలుస్తుందన్నదే వాటి ధ్యాస. ఈ నాలుగు మాటలూ ఆ పాటల గురించే. పెద్ద కావ్యాల పక్కన పెట్టి చూడదగ్గ సాహిత్యమవి. అలా చూసినవాళ్లు తక్కువ.

నేనుండేది సెంటినరీ కాలనీలో. 1889లో ఇల్లెందు వైపు మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకానికి నూరేళ్లు నిండిన గుర్తు ఈ పేరు. పేరులో నూరేళ్లున్నాయి గానీ ఊరికి అంత వయసు లేదు. అందుచేత ‘తాతలనాటి మా ఊరి పాట’ అని చెప్పుకునేందుకు ఇక్కడ ఏదీ లేదు. ఒకావిడ మంథని వైపు పాట తెచ్చింది. ఇంకొకావిడ పెద్దపల్లి వైపుది. మరొకావిడ గోదావరి దాటి మంచిర్యాల వైపు నుంచి వచ్చింది. ఒకే క్వార్టర్ల వరసలో ఒకే పల్లవి మూడు నడకల్లో వినిపిస్తుంది. ఒకావిడ అందుకుంటే పక్కావిడ “అట్ల కాదక్కా, మా దిక్కు ఇట్లంటరు” అని సరిదిద్దుతుంది. పాటను గురించి తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది చెప్పండి!

జాజిరి అంటే తెలియని చెల్లెళ్ల కోసం రెండు మాటలు. పున్నమికి ముందు రోజుల్లో పిల్లలు జట్లుగా కోలలు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు కోలలు తాకిస్తూ పల్లవి అందుకుంటారు. ఇంటావిడ జొన్నలో, బియ్యమో, చిల్లరో పెడుతుంది. పెడితే దీవెన, పెట్టకపోతే ఒక కొంటె చురక. రాత్రిపూట వెన్నెల్లో ఆడవాళ్లు చప్పట్లు తడుతూ వలయంగా తిరిగే ఆట మరొకటి. మోదుగుపూలు అడవిని ఎర్రగా వెలిగించే రోజులవి. ఆ పూలు ఉడకబెట్టిన నీళ్లే ఒకప్పటి రంగు.

అడుక్కునే పాటలే కదా అని చప్పరించేవాళ్లున్నారు. అడిగేదేమిటో చూడండి. చేటెడు గింజలు. దీవించేదేమిటో చూడండి. ఇల్లు నిండాలి, గాదె నిండాలి, ఒడి నిండాలి. యాసంగి పంట చేతికొచ్చే ముందు, ఎండలు ముదిరే ముందు, చంద్రుడు నిండుగా ఉన్న రాత్రి ‘నిండు’ అన్న మాటను ఇన్ని తీర్లుగా కోరుకోవడం ఉత్తి అడుక్కోవడమా? కవి అయితే దాన్ని ఉపమాలంకారమనేవాడు. చంద్రుడిలా గాదె నిండాలని ఈ పాట చెప్పదు. చంద్రుడి కింద నిలబడి గాదె మాట ఎత్తుతుంది, అంతే. పోలిక మనమే చూసుకోవాలి. ఈ పొదుపు నాకెంతో నచ్చుతుంది.

ఇక కావ్యాల సంగతి. కాళిదాసు కుమారసంభవంలో మూడో సర్గలో మన్మథుడు కాలిపోతాడు. నాలుగో సర్గంతా రతి ఏడుపు. ఏడుస్తుంది, తేరుకుంటుంది, ఏదో గుర్తొచ్చి మళ్లీ ఏడుస్తుంది. భర్త స్నేహితుడు వసంతుడు కనపడగానే ఆ దుఃఖం ఇంకా పొంగుతుంది. మమ్మటుడనే ఆలంకారికుడు కావ్యప్రకాశంలో రసదోషాలు ఏకరువు పెడుతూ, ఒకే రసాన్ని మాటిమాటికీ రగిలించడం దోషమన్నాడు. దానికి ఉదాహరణగా ఏది చూపించాడనుకున్నారు? ఈ రతీవిలాపాన్నే! ఒకసారి ఏడిచి ఊరుకుంటే సరిపోయేదిట.

మమ్మటుడు మహాపండితుడు, కాదనను. కానీ దుఃఖం ఒక్క ఊపులో వచ్చి పోతుందని ఆయనకెవరు చెప్పారు? గనుల దగ్గర కాపురముండే ఆడవాళ్లనడిగితే వేరే శాస్త్రం చెబుతారు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. 2022 మార్చి 7న మా పక్కనే అడ్రియాల గనిలో పైకప్పు కూలింది. ముగ్గురు పోయారు. ఆ ఏడు హోళీ మార్చి 18న. అంటే సరిగ్గా జాజిరి రోజులు. మా వరసలో ఆ ఏడు కోలల చప్పుడు వినపడలేదు. వద్దని ఎవరూ అనలేదు, పిల్లలకే అర్థమైంది. అలాంటి ఇళ్లల్లో ఏడుపు సర్దుకుని, అన్నం వండి, ఏ సబ్బుపెట్టె చూసో, గోడకున్న చొక్కా చూసో మళ్లీ మొదలవుతుంది. కాళిదాసు రాసింది ఇదే. ఆయన ఆడవాళ్ల పక్కన కూచుని విన్నట్టున్నాడు. మమ్మటుడు పుస్తకం దగ్గర కూచుని లెక్కపెట్టినట్టున్నాడు.

మాటిమాటికీ రావడం దోషమైతే పల్లవి ఉన్న పాటంతా దోషమే కావాలి. జాజిరిలో ప్రతి చరణానికీ పల్లవి వెనక్కి వస్తుంది. అది వస్తేనే కోలలు కలుస్తాయి, వెనకబడ్డ చిన్నపిల్ల కూడా గొంతు కలుపుతుంది. ఒంటరి రతిది విలాపం, పదిమంది కలిస్తే అది ఆట. రెండింటిలోనూ ఉన్నది ఒకటే పని, పోయినదాన్ని మళ్లీ పిలవడం.

ఆ పిలుపు ఫలించిందా అంటే, మన పోతన భాగవతం దశమస్కంధం చూడాలి. కాలిపోయిన మన్మథుడు రుక్మిణికి ప్రద్యుమ్నుడై పుడతాడు. పురిట్లోనే శంబరాసురుడు ఎత్తుకుపోయి సముద్రంలో పడేస్తాడు. చేప మింగుతుంది. ఆ చేప తిరిగి శంబరుడి వంటింటికే వస్తుంది. దాన్ని కోస్తే లోపల పిల్లవాడు! ఆ వంటింట్లో మాయావతి పేరుతో పనిచేస్తున్నదెవరు? రతీదేవి. జగన్మోహనుడి భార్య, దేవలోకపు సుందరి, రాక్షసుడి ఇంట వంటపని చేస్తూ కాలం గడుపుతోంది, ఎప్పటికైనా వస్తాడని. శివుడి కోపం ఒక క్షణం, ఆమె ఎదురుచూపు ఎన్నేళ్లో! మన పండుగలో మంటకు ఇంత హడావుడి చేస్తాం. ఆ పొయ్యి దగ్గరి మనిషిని తలచుకున్నామా?

కథ అక్కడా ఆగదు. ఆ ప్రద్యుమ్నుడి కొడుకు అనిరుద్ధుడు. అతను ఉషకు కలలో కనిపించాడు. చెలికత్తె చిత్రలేఖ బొమ్మలు గీసి చూపిస్తే, ఆ బొమ్మల్లో అతన్ని గుర్తుపట్టింది. ఒక తరంలో బూడిద, మరో తరంలో బిడ్డ, ఆ పై తరంలో కల! ఈ వరస చూస్తే కాముని పున్నమి చావు పండుగ కాదని తెలుస్తుంది. అది పెరుగుదల పండుగ, దాని చివరి మొగ్గ ఒక ఆడపిల్ల కల.

వసంతానికీ స్త్రీకీ ఈ ముడి కవులకూ తెలుసు. మాళవికాగ్నిమిత్రంలో పూయని అశోకాన్ని పూయించడానికి మాళవిక కాలితో తన్నాలి. అయిదు రాత్రుల్లో పూస్తే ఆమె కోరిక తీరుస్తానని మహారాణి ధారిణి మాటిస్తుంది. చెట్టు పూసింది, కోరికా తీరింది. ముచ్చటైన కథే. కాకపోతే అక్కడ చెట్టుకు పాదం అందంగా ఉంటే చాలు. జాజిరి పాటలో పాదానికి మట్టంటుతుంది. చెట్టు పూస్తే కవికి చాలు, కాయ కాయకపోతే పాడే ఆవిడకు గడవదు. అందుకే ఈ పాటలు ఒక మెట్టు పైనున్నాయంటాను.

మెచ్చుకున్నాను గనక లోపాలు దాచేది లేదు. ఈ దీవెనల్లో ‘కొడుకు’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడితే మనసు చివుక్కుమంటుంది. గాదె నిండడానికి అందరి చెయ్యీ కావాలి, ఒడి నిండడానికి మాత్రం మగపిల్లవాడే కావాలా? తండాల్లో లంబాడీ ఆడవాళ్లు హోళీకి పాడే లేంగీ పాటల ఊపు ఇంకెక్కడా వినలేం. ఆ ఏడు కొడుకు పుట్టిన ఇంట చేసే ధూండ్ వేడుక కూడా కళ్లపండువే. కానీ కూతురు పుట్టిన ఇంటికి ఆ పాట ఎందుకు రాకూడదు? అలాగే కొంటెతనం పేరుతో ఆడదాని నడకమీదా నవ్వుమీదా విసిరే చరణాలున్నాయి. పాతవి గనక మంచివే అనక్కర్లేదు. జానపదమని దేన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, మొరటని దేన్నీ పారేయనక్కర్లేదు. బియ్యం ఏరినట్టు ఏరుకోవడమే.

ఇంతకీ పొలమే లేనివాళ్లు పంట పాట పాడడంలో అర్థమేమిటని మీరడగవచ్చు. మా చుట్టూ ఓపెన్‌కాస్టు గనుల కింద పొలాలు పోయినవాళ్లు ఎందరో. నైట్ షిఫ్టుకు దిగిన మగవాళ్లకు పున్నమీ అమావాస్యా ఒకటే, కింద క్యాప్‌ల్యాంపు వెలుగే వెన్నెల. ఆ మాటే మా వరసలో ఒక పెద్దావిడతో అన్నాను. ఆమె గోడ పక్కన చిక్కుడు తీగకు పుల్ల కడుతూ, “భూమి బాయి కింద పోయింది బిడ్డా. గింజలకేం తెలుస్తది, నాటితె మొలుస్తయి. పాట గూడ గంతే” అంది. వ్యాఖ్యానం అక్కర్లేని విమర్శ అది. పాట పొలానికి కాపలాదారు కాదు, విత్తనం. ఎక్కడ నాటితే అక్కడి మట్టి వాసన పట్టుకుంటుంది. క్వార్టరు వెనక జానెడు జాగాలోనూ మొలుస్తుంది.

కానీ విత్తనమైనా దాచుకునేవాళ్లుండాలి కదా. పెద్ద సౌండు బాక్సుల ముందు కోలలు ఓడిపోతున్నాయి. సినిమా పాట వద్దనను, దానికీ వేళుంది. అయితే ఆ పెట్టెకు మన గొంతు అక్కర్లేదు, అదీ చిక్కు. బిరుదురాజు రామరాజుగారు ఊరూరి పాటలు సేకరించి, 1958లో ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ అచ్చువేసేనాటికి చేతిలో ఉన్నది కలమూ కాగితమూ. ఇవాళ మన వంటింటి గట్టు మీదే ఫోను ఉంటుంది. అందులో కూరల విధానాలు దాచుకుంటున్నాం, ముగ్గులు దాచుకుంటున్నాం. అత్తగారు పాడే ఒక్క జాజిరిని దాచుకోలేమా? దాచేటప్పుడు ఏ ఊరి పాటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడిగి రాసిపెట్టండి. ‘కొడుకు’ అన్న చోట ‘బిడ్డ’ అని మీరొక చరణం కలిపితే అదీ పాటే, ఎవరూ కాదనరు. ఈ సాహిత్యానికి కర్త లేడు గనక అందరూ కర్తలే.

మంట ఆరడానికి ఒక్క రాత్రి చాలు. బూడిద నుదుటి మీద నిలిచేది స్నానం వరకే. వచ్చే ఏటి పున్నమికి మిగలగలిగింది ఒక్క పాటే, అదైనా ఈ ఏడు ఎవరో ఒకరు ఎత్తుకుంటేనే.