ఆకు రాలని శరత్తు

శరత్తు చివరి ఫొటోలంటే చాలామందికి ఎర్రబారిన మేపుల్ చెట్లే గుర్తొస్తాయి. ఆ రంగుల కోసం నల్లమలకు వస్తే నిరాశే. ఇక్కడ టేకు, తునికి ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. కార్తీకం వెళ్లేనాటికి చెట్లు పచ్చగానే ఉంటాయి, పండేది గడ్డి. దాని మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడిందంటే కొండ వాలంతా తేనెరంగు తిరుగుతుంది. డిసెంబరులో సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అందుకే రాయికీ చెట్టుకీ పగలంతా నీడ మిగులుతుంది. ఆ నీడే ఫొటోలో లోయకు లోతు తెస్తుంది.

ఇక మంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల చల్లబడుతుంది, చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. కృష్ణా నది మీది తేమ దానికి తోడై మంచు కమ్ముతుంది. దాన్ని చూడాలంటే ముందురోజే దోమలపెంట వైపు చేరి బస చేయాలి. అడవిలోని శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు దగ్గర కాచుకుని వచ్చేసరికి తెల్లారిపోతుంది.

ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర మొదటిసారి నేను తొందరపడి వైడ్ లెన్స్ బిగించాను. అన్నీ వచ్చాయి, ఏదీ నిలవలేదు. వెంట వచ్చిన చెంచు గైడు నా చేతి మీద చెయ్యేసి, "జర ఆగుండ్రి సారు, మంచు కదలనీ" అన్నాడు. పావుగంట నిలబడ్డాం. మంచు పలచబడి దగ్గరి కొండ నల్లగా, దాని వెనకది నీలంగా, మూడోది బూడిదరంగులో తేలాయి. అప్పుడు 200 ఎంఎం లెన్స్ పెట్టాను. దూరపు లెన్స్ కొండల వరుసల్ని ఒకదానిమీదికి ఒకటి చేరుస్తుంది. మంచు తెలుపును కెమెరా మీటరు బూడిదరంగుగా లెక్కగడుతుంది కాబట్టి ఒక స్టాప్ దాకా వెలుగు పెంచాలి. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, ట్రైపాడ్. అంతకుమించి కావలసింది ఓపికే.

మల్లెలతీర్థం జలపాతం దగ్గర తడి రాతి మెరుపును పోలరైజర్‌తో అణచాలి, అర సెకను షటర్ చాలు. కృష్ణ ఒడ్డున సోమశిలలో సాయంత్రం ఒక్క పడవ కోసం ఆగండి. శ్రీశైలం జలాశయం నిండి ఉన్న రోజుల్లో ఆ నీళ్ల వెడల్పు పడవ పక్కన ఉంటేనే తెలుస్తుంది.

ఈ పనిని కేవలం అందం కోసం చేసేదిగా నేను చూడను. 1940 ప్రాంతంలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ కొండల్లో చెంచుల మధ్య తిరిగి ఫొటోలు తీశాడు, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. ఆనాటి బతుకు ఎలా ఉండేదో చూడ్డానికి మనకు అవి ఒక ఆధారం. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఈ లోయల ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

ఆ ఉదయం ఫొటో తెర మీద చూపిస్తే గైడు రంగుల్ని పట్టించుకోలేదు. మూడో వరుస మీద వేలు పెట్టి, "దీనెనక మా పెంట సారు" అన్నాడు. పెంట అంటే వాళ్ల గూడెం. అక్కడ నాకు బూడిదరంగే కనిపించింది. ఇంటికొచ్చాక ఆ ఫొటో వెనక తేదీ కింద అతను చెప్పిన ఆ పెంట పేరు రాసుకున్నాను.