మార్కో పోలో గ్రంథమున యాత్రికుని స్థానము

కాకతీయుల చరిత్రను బోధించువారును, ఆ యుగమును గూర్చి పరిశోధించువారును మార్కో పోలోను ఒక్కమారైనను పేర్కొనక మానరు. మోటుపల్లిని గూర్చియు, ఆ దేశమును పాలించిన రాణిని గూర్చియు నతడు చెప్పిన నాలుగు మాటలు మన పాఠ్యగ్రంథములలో స్థిరపడిపోయినవి. “ప్రత్యక్షముగా చూచిన విదేశీయుడు” అను విశేషణము గూడ ఆ మాటల వెంట తరచుగా వచ్చుచున్నది. ఈ విశేషణమునకు ఆధారమేమి యని యడిగినచో, ఆ యొక్క ఖండికను మాత్రమే చదివినవారికి సమాధానము దొరకదు. గ్రంథమంతయు నే తీరున రచింపబడినదో, అందు యాత్రికుడు ఎచ్చట కన్పించునో, ఎచ్చట మరుగుపడునో తెలిసికొనిననే గాని యా ఖండిక విలువ తేలదు. చరిత్రకారులకు సంబంధించిన సమస్యవలె తోచినను, ఇది ముందుగా సాహిత్యవిమర్శకు సంబంధించినదని మా యభిప్రాయము.

మార్కో 1254లో జన్మించెను. 1271లో, తన పదునేడవయేట, తండ్రి నికొలోతోడను పినతండ్రి మఫేయోతోడను వెనిస్ నగరమునుండి బయలుదేరెను. పారశీకము, బదఖ్షాన్, పామీరు పీఠభూమి, కాష్గరు దాటి 1275 ప్రాంతమున కుబ్లాయ్ ఖాన్ కొలువు చేరెను. అప్పటి కతని వయస్సు ఇరువదియొకటి. పదునేడేండ్లు ఆ చక్రవర్తి సేవలో గడపి, పారశీకపు ఇల్ఖానునకు వధువుగా పంపబడిన కొకచిన్ రాకుమారి వెంట 1292 ప్రాంతమున సముద్రమార్గమున మరలి, సుమత్రా, సింహళము, మాబారు తీరముల మీదుగా పారశీకము చేరి, 1295లో ఇల్లు చేరెను. 1298లో జెనోవావారి చెఱలో నుండగా, తోడి బందీయైన పీసా నగరవాసి రుస్తికెల్లో కలముపట్టగా, ఈ గ్రంథము రూపొందినది. రుస్తికెల్లో ఆర్థరు రాజు కథలను ఫ్రెంచి వచనమున కూర్చిన రచయిత. కావున చూచినవాడు యువకుడు, చెప్పినవాడు నలుబదినాలుగేండ్ల వర్తకుడు, వ్రాసినవాడు వీరగాథలకు అలవాటుపడిన మరియొకడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట ఏదియో వేరుచేయుట ఈ గ్రంథమును చదువువారికి తప్పని పని.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చదివిన తెలుగువారు మార్కో గ్రంథమును చేతబట్టినచో మొదట నిరాశ చెందుదురు. వీరాస్వామయ్యగారు 1830-31లో జరిపిన యాత్రయందు ఏ తేదీని ఎచ్చట దిగిరో, అచ్చటి నీరెట్టిదో, వస్తువులు దొరకునో లేదో యంతయు మనతో చెప్పుదురు. మార్కోయందు అట్టిది లేదు. పీఠిక దాటగానే నగరములు బారులు దీరి నడచును. ఇన్ని దినముల ప్రయాణము, అచ్చటి ప్రజలు విగ్రహారాధకులు, మహాఖానునకు లోబడినవారు, కాగితపు నాణెము వాడుదురు, వర్తకమువలనను చేతిపనులవలనను జీవింతురు. ఊరు మారును గాని పల్లవి మారదు. పదునేడేండ్ల బాలుడు తల్లిలేని యింటిని విడిచి, తాను పుట్టినప్పటికి ఊరిలోనే లేని తండ్రివెంట, భాష తెలియని దేశములకు పోయెను గదా! వానికి భయము కలిగినదా, దుఃఖము కలిగినదా యని మన మెంత వెదకినను కన్పించదు. బదఖ్షాన్‌లో ఒక యేడాది జబ్బుపడి, కొండగాలికి కోలుకొనినట్లు ఒక మాట కలదు. అదియు 1559లో అచ్చయిన రమూసియో పాఠమునందే గాని, ప్రాచీనమైన ఫ్రెంచి-ఇటాలియను ప్రతియందు లేదు.

ఈ లోటును చూచియే కొందరు మార్కోను శంకించిరి. 1995లో ఫ్రాన్సెస్ వుడ్ అను విదుషి అతడు చీనాకు పోయెనా యని గ్రంథమే వ్రాసెను. చీనా గోడ, తేనీరు, స్త్రీల పాదములను కట్టు ఆచారము మున్నగువానిని అతడు పేర్కొనకపోవుట, చీనా పత్రములలో అతని పేరు లేకపోవుట ఆమె చూపిన హేతువులలో ముఖ్యమైనవి. మేము ఈ వాదమును అంగీకరింపజాలము. అయినను దాని వెనుకనున్న భావమొకటి మన పరిశోధక విద్యార్థులలో గూడ కలదు కావున దానిని పరిశీలింపవలసి యున్నది. రచయిత “నేను” అని తన యనుభవమును చెప్పినచో అది నమ్మదగినదనియు, చెప్పనిచో అనుమానింపదగినదనియు నా భావము.

దీనికి ప్రత్యుదాహరణము ఇబ్న్ బతూతా. మార్కో మరణించిన మరుసటి యేడు, 1325లో, ఇరువదియొక్కయేండ్ల వయస్సున అతడు టాంజియరునుండి ఒంటరిగా బయలుదేరెను. ట్యూనిస్ నగరము చేరినప్పుడు అందరిని పలుకరించువా రుండగా తన్ను పలుకరించువాడు లేక కన్నీరు పెట్టుకొనినట్లు చెప్పియున్నాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున న్యాయాధికారియగుట, కళ్ళికోట రేవున ఓడలు మునిగి సర్వము పోగొట్టుకొనుట, మాల్దీవులలో పెండ్లిండ్లు చేసికొనుట—అన్నియు మన ముందు పరచును. ఇంత “నేను” మధ్యయుగ యాత్రాగ్రంథములలో అరుదు. ఐనను డమాస్కస్, మక్కా నగరముల వర్ణనలో పెద్దభాగము, అంతకు నూరేండ్లకు పైబడి పూర్వుడైన ఇబ్న్ జుబైర్ గ్రంథమునుండి యెత్తుకొనబడినదని విద్వాంసులు నిరూపించిరి. వోల్గాతీరమందలి బుల్గారు నగరమునకు పోయివచ్చితినని చెప్పిన యాత్రకు అతడు చూపిన కాలము చాలదు. ఈ గ్రంథము గూడ 1355లో ఇబ్న్ జుజయ్య్ అను పండితుడు విని కూర్చినదే. కన్నీరు నిజము కావచ్చును, వర్ణన ఎరువు కావచ్చును. యాత్రికుడు కన్పించుట సాక్ష్యమునకు బలము గాదు; కన్పించకపోవుట దానికి దౌర్బల్యము గాదు.

మార్కో గ్రంథమునకు మరలి వత్తము. యువకుడైన మార్కో నిండుగా కన్పించు తావు ఆ గ్రంథమున ఒక్కటే కలదు. అది పీఠిక. అందు కుబ్లాయ్ ముందు నిలిచిన యువకుని ఎవరని చక్రవర్తి అడుగుట, తండ్రి తన కుమారుడని విన్నవించుట, చక్రవర్తి సంతసించుట, కొలువంతయు ఆదరించుట వర్ణితమైనవి. చదువరికి మనస్సు కరగును. కాని 1928లో ఈ గ్రంథమును పరిష్కరించిన ఇటలీ పండితుడు బెనెదెత్తో ఈ ఘట్టమును రుస్తికెల్లో పూర్వకథలతో సరిపోల్చి చూపెను. ఆర్థరు కొలువునకు యువకుడైన ట్రిస్ట్రన్ వచ్చిన ఘట్టమునకును దీనికిని నడకలో, పదములలో పోలిక స్పష్టము. అనగా యాత్రికుడు మనకు మిక్కిలి దగ్గరగా కన్పించు పుటయే లేఖకుని చేతిలో మిక్కిలి తీర్చబడిన పుట! షియాంగ్యాంగ్ ముట్టడిలో పోలోలు రాళ్ళు రువ్వు యంత్రములు చేయించి విజయము కూర్చిరని చెప్పిన కథయు నిట్టిదే. ఆ నగరము 1273లోనే లొంగినది. పోలోలు అప్పటికి దారిలోనే యుండిరి. అచ్చటి యంత్రములను చేసినవారు ఇల్ఖాను పంపిన ముసల్మాను శిల్పులు. తన్ను వీరునిగా నిలుపుకొనిన చోట్లనే యీ గ్రంథము బొంకినది.

అదే పీఠికయందు మరియొక మాట కలదు. మేము దానిని గ్రంథమునకు తాళపుచెవిగా భావింతుము. దూతలు వెళ్ళిన పనిని మాత్రము విన్నవించి, ఆ దేశముల ఆచారవ్యవహారములను చెప్పలేకపోవుటచే కుబ్లాయ్ వారిని మందబుద్ధులుగా నెంచెడివాడట. యువకుడు దీనిని గమనించి, తాను దూతగా పోయినప్పుడెల్ల వింతలను గుర్తుంచుకొని వచ్చి వినిపించెనట. ఇందలి పొగడ్తను విడిచిపెట్టుదము. మిగిలిన దానినిబట్టి, ఏలినవారి చెవికి నచ్చునట్లు చూచుట ఆ యువకుడు ఇరువదియేండ్ల ప్రాయమున నేర్చిన విద్య యని తెలియును. వినువాడు చక్రవర్తి. అతనికి దూత కష్టసుఖములతో పనిలేదు. ఏ ఊరు ఎంత దూరము, ప్రజలెట్టివారు, పన్నెంత, పంటయేమి—ఇవి కావలెను. మనకు విసుగు పుట్టించు ఆ పల్లవి ఈ నివేదనపు రూపమే. యువకుని యనుభవము లేకపోలేదు. అది అంతయు ఈ మూసలో కరగి పోతపోయబడినది.

కావున దానిని “నేను” అను పదమున గాక వివరములలో వెదకవలెను. కిన్సాయ్, అనగా నేటి హాంగ్‌చౌ, ఇందుకు మంచి నిదర్శనము. దక్షిణ సుంగ్ రాజుల రాజధానియైన ఆ నగరము 1276లో మంగోలులకు లొంగినది. మార్కో చూచునాటికి దాని వైభవమింకను చెడలేదు. అందు పండ్రెండువేల రాతివంతెనలు గలవని చెప్పినది అతిశయోక్తి. కాని ఆ నగరమున ఒక దినమునకు ఖర్చగు మిరియములు నలుబదిమూడు మోపులనియు, మోపొకటికి రెండువందల ఇరువదిమూడు పౌనులనియు, ఈ లెక్క సుంకపుటధికారి చెప్పగా వినినదనియు కలదు. ఈ మాటను వీరగాథలు వ్రాయువాడు కల్పింపడు; సుంకపుకచేరిలో కూర్చుండి అడిగిన వర్తకుని బిడ్డ మాత్రమే చెప్పును. మల్బరీచెట్టు నారతో చేసిన కాగితపు నాణెమును గూర్చియు, ఉప్పుపన్నును గూర్చియు నతడు చెప్పిన వివరములను హాన్స్ ఉల్రిఖ్ ఫోగెల్ 2013లో చీనా ఆధారములతో సరిచూచి, అవి మిక్కిలి సరియైనవని తేల్చెను. అంతకు మున్ను 1941లో యాంగ్ చిర్‌చ్యూ అను చీనా పండితుడు 1290 నాటి ప్రభుత్వపత్రమొకటి బయటపెట్టెను. రాకుమారిని తీసికొనిపోవచ్చిన ముగ్గురు పారశీకదూతల పేర్లు అందు గలవు. మార్కో చెప్పిన ఉలతాయ్, అపుష్క, కోజా యను పేర్లు వారివే. పోలోల పేర్లు అందు లేవు. ఒక దూతవర్గమునకు తోడుగా నడచిన వర్తకులకు ప్రభుత్వపత్రమున చోటు దొరకనవసరము లేదు.

ఇప్పుడు మోటుపల్లి. నేటి బాపట్ల జిల్లాలోని ఈ రేవు గణపతిదేవుని కాలమున ప్రసిద్ధికెక్కినది. తుపానులకు చిక్కి తీరముచేరిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, తాను అట్లు చేయక నిర్ణీతశుల్కము మాత్రమే గ్రహింతునని గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించెను. మార్కో దీనిని “ముత్ఫిలి” యనెను. ఆ ఖండికలో రాజ్యమునకే రేవు పేరు పెట్టబడినది. ఓరుగల్లు మాట లేదు. రాణి పేరు లేదు. రాజు చనిపోగా భార్య నలుబదియేండ్లుగా న్యాయముతో ఏలుచున్నదని కలదు. రుద్రమదేవి గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. ఆమె పాలనము నలుబదియేండ్లు కాదు, 1262 ప్రాంతమున మొదలై ఇరువదియేడేండ్ల కాలము. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము ఆమె శివసాయుజ్యమును పేర్కొనుచున్నది. దాని తేదీ 1289 నవంబరు 27. పోలోల ఓడ మన తీరము దాటునాటికి ఓరుగంటి సింహాసనమున ప్రతాపరుద్రుడు కలడు. మరియు సుమత్రానుండి సింహళము మీదుగా పారశీకమునకు పోవువారికి మోటుపల్లి దారిలోనిది కాదు.

ఇందలి వజ్రముల కథను శ్రద్ధగా చదివినచో మూడు పొరలు కన్పించును. వానకాలమున కొండవాగులు పొంగి తీసినపిమ్మట జనులు ఇసుకలో వజ్రములు వెదకుదురనుట మొదటిది. ఇది నిజము. నేటికిని తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములందు జనులు చేలలో ఇట్లే వెదకుచున్నారు. ఎండకాలమున నీరుదొరకని కొండలలో విషసర్పముల బాధ గలదనుట రెండవది. నిజమునకు కథ అంటుకొన్నది. లోయలోనికి మాంసఖండములు విసరగా గ్రద్దలు వజ్రములతోగూడ వానిని పైకి తెచ్చుననుట మూడవది. సైప్రస్ బిషప్పు ఎపిఫానియస్ 4వ శతాబ్దిలోనే సిథియా దేశపు రత్నములను గూర్చి ఇట్టి కథ చెప్పెను. సింద్‌బాద్ నావికుని కథలలోను ఇది కలదు. ఒక ఓడరేవునుండి మరియొక ఓడరేవునకు సరకుతోపాటు ప్రయాణించిన కథ యిది. సాలెగూటిని పోలిన సన్నని బట్టలు ఆ దేశమున నేయుదురనుట మాత్రము వర్తకుడు చేతబట్టి చూచిన మాటవలె నున్నది. అయితే ఆ బట్టలు ఏ రేవున నైనను అమ్ముడుపోవును.

మాబారు, అనగా తమిళదేశపు తీరము, దీనికి ముందే వర్ణితమైనది. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మేలు. అచ్చట ముత్తెపుచిప్పలు తీయు కాలము, పని నడచు తీరు, చేపలను మంత్రించువారికి పాలు, రాజునకు పాలు లెక్కగా చెప్పబడినవి. అప్పు తీర్పనివాని చుట్టు గీతగీయగా వాడు ఋణదాతను తృప్తిపరచువరకు దాటరాదను ఆచారము చెప్పి, ఒక విదేశవర్తకునకు బాకీపడిన రాజునే అట్లు నిలిపినప్పుడు మార్కో స్వయముగా చూచెనని గ్రంథము చెప్పుచున్నది. ముత్ఫిలి ఖండికలో అట్టి లెక్క లేదు, చూచితినను మాట లేదు. మాబారు రేవులలో మోటుపల్లి వర్తకులను కలిసి వినిన సంగతులను అతడు చెప్పెనని మేము తలంచుచున్నాము.

అట్లయినచో మన చరిత్రకు దీని విలువ తరిగిపోవునా యని సందేహింపనక్కరలేదు, విలువ వేరగును. రుద్రమ గతించి మూడు నాలుగేండ్లయినను, ఓరుగంటికి దూరమైన రేవులలో ఆమె న్యాయపాలన కథగా నడచుచుండెనని దీనివలన తెలియును. నావికులు ఆమెను ఇంకను సింహాసనమున నున్నట్లే చెప్పుకొనిరి. విధవ యనుటకు గూడ కారణ మూహింపవచ్చును. శాసనములలో రుద్రదేవ మహారాజను పురుషనామముతో ఏలిన కుమార్తె ఆ కాలపు వర్తకుల యెఱుకకు కొత్త. చనిపోయిన రాజునకు బదులు ఏలు రాణి వారికి ఎఱుకైనది. వారు తమకు తెలిసిన మూసలో ఆమెను పోసికొనిరి, మార్కో తనకు తెలిసిన మూసలో వారి మాటను పోసెను.