టవరు దిక్కుగా

పల్లెటూరి ఇంటికి నమ్మకమైన ఇంటర్నెట్ రావడం పూర్తిగా కంపెనీల చేతిలోని విషయమని చాలామంది అనుకుంటారు గానీ, అందులో సగభాగం ఇంటివారి చేతిలోనే ఉందని, అది ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోదగిన విద్య అని ఆ పనిలో చేయి పెట్టినవారికి తెలుసు. సెల్‌ టవరు నుంచి వచ్చే సిగ్నల్‌ను అందుకోవడంలో ఫోనుకూ ఇంటికీ మౌలికమైన తేడా ఒకటి ఉంది. ఫోను మనిషితో పాటు తిరుగుతుంది కాబట్టి దాని యాంటెన్నా జేబులో ఇమిడేంత చిన్నదిగా, ఏ దిక్కు నుంచి వచ్చే తరంగాన్నైనా ఎంతో కొంత పట్టుకునేలా ఉండక తప్పదు. ఇల్లు కదలదు కాబట్టి దానికి పెట్టే యాంటెన్నా ఒకే టవరు వైపు, ఒకే ఎత్తున, ఏళ్ల తరబడి చూస్తూ ఉండగలదు. ఫోనులో మాట కూడా సరిగా వినపడని ఊళ్లో ఏదో ఒక ఇంట్లో పిల్లల వీడియో పాఠాలు ఆగకుండా నడుస్తున్నాయంటే, ఆ ఇంటివారు తమ ఇంటి కదలనితనాన్ని ఉపయోగించుకున్నారని అర్థం.

ఆప్టికల్ ఫైబర్, అంటే సమాచారాన్ని వెలుగు రూపంలో మోసే సన్నని గాజు తీగ, గుమ్మం దాకా వచ్చిన చోట ఈ ప్రయాస అక్కరలేదు. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం పంచాయతీల దాకా తీగ వేయడాన్ని లక్ష్యంగా పెట్టుకోగా, ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ అదే దారి పట్టాయి. అయితే పంచాయతీ కార్యాలయానికీ చేలగట్టున ఉన్న ఇంటికీ మధ్య మిగిలే ఆఖరి కిలోమీటరే అన్నిటికంటే కష్టమైనది. అక్కడ స్తంభాలు తక్కువ, కనెక్షన్ తీసుకునేవారు ఇంకా తక్కువ, కాలువ పూడిక తీసే జేసీబీ పంటి కింద తీగ ఒక్కసారి తెగితే అతికే మనిషి వచ్చేసరికి వారం గడిచినా ఆశ్చర్యం లేదు. 2020లో కరోనా కాలాన హైదరాబాద్, బెంగళూరు నుంచి సొంతూళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు డాబాల మీద, ఊరి బయటి గట్ల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నది ఈ ఆఖరి కిలోమీటరు తెచ్చిన ఇబ్బంది వల్లనే.

సిగ్నల్ బాగుందా లేదా అన్నదానికి ఊళ్లో వాడే కొలత ఫోను తెర మీది గీతలు. ఆ గీతలను ఎలా లెక్కకట్టాలన్నది ఫోను తయారుచేసినవారి ఇష్టం కాబట్టి, ఒకే అరుగు మీద ఒకే కంపెనీ సిమ్ ఉన్న రెండు ఫోన్లు రెండు రకాలుగా చూపడం మామూలే. సిమ్ వేసుకునే రౌటర్లలో, అంటే టవరు సిగ్నల్‌ను అందుకుని ఇంట్లో వైఫైగా పంచే పెట్టెల్లో, చాలావాటి సెట్టింగ్స్ పేజీలో అసలైన అంకెలు రెండు కనిపిస్తాయి. మొదటిది ఆర్ఎస్ఆర్‌పీ, టవరు నిరంతరం పంపే గుర్తింపు సంకేతం ఎంత బలంగా చేరుతున్నదో అది చెబుతుంది. డీబీఎం అనే ప్రమాణంలో, ఎప్పుడూ మైనస్‌లో ఉండే ఈ అంకె మైనస్ 80 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 దగ్గర ఉంటే ఫరవాలేదన్నట్టు, మైనస్ 115 దాటితే అంటీ అంటనట్టు ఉన్నట్టు. ఈ లెక్కలో 10 అంకెల తేడా అంటే పది రెట్లు, 3 అంకెల తేడా అంటే రెట్టింపు కాబట్టి, యాంటెన్నాను మంచం పక్క నుంచి డాబా మీదికి మార్చినందువల్ల మైనస్ 112 కాస్తా మైనస్ 102 అయితే చేరే శక్తి పది రెట్లు పెరిగినట్టే.

రెండో అంకె ఎస్ఐఎన్ఆర్, కావలసిన సంకేతం చుట్టూ ఉన్న రొద కంటే ఎంత పైకి వినిపిస్తున్నదో చెప్పే కొలత. ఈ రెండింటిలో ఇదే ముఖ్యమైనదని, అయినా దీన్ని పట్టించుకునేవారు అరుదని చెప్పక తప్పదు. 4జీలో పక్కపక్క టవర్లు సాధారణంగా ఒకే పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. అందువల్ల ఒక టవరుకు మరొక టవరే పెద్ద రొద. జాతరలో రెండు మైకులు ఎదురెదురుగా మోగుతుంటే రెండూ బిగ్గరగానే వినిపించినా ఏ మాటా అర్థం కానట్టు, గోదావరి డెల్టా వంటి చదును నేల మీద యాంటెన్నాను మరీ ఎత్తుకు లేపితే దూరపు టవర్లన్నీ ఒకేసారి వినిపించి, బలం పెరిగినా వేగం పడిపోవచ్చు. అటువంటి చోట మేడగది గోడ చాటున, కావలసిన టవరు మాత్రమే కనిపించేలా కాస్త కిందికి బిగించిన యాంటెన్నా బాగా పనిచేస్తుంది. ఎత్తు పెంచితే చాలుననే నమ్మకం కొండప్రాంతంలో నిజమైనంతగా మైదానంలో నిజం కాదు.

పౌనఃపున్యం, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, ఈ వ్యవహారంలో మరో సగం. దేశంలో 4జీ ప్రధానంగా 850, 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్ ప్రాంతాల్లో నడుస్తోంది. వీటినే బ్యాండ్లు అంటారు. 850 దగ్గర తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, 2300 దగ్గర 13 సెంటీమీటర్లు. పొడవైన తరంగం తోటలను, గోడలను దాటుకుని దూరం పోతుంది గానీ ఆ బ్యాండులో కంపెనీలకు ఉన్న వెడల్పు తక్కువ. అది ఇరుకు పిల్లకాలువ వంటిది, నీరు దూరం పారుతుంది గానీ ఊరంతా అందులోనే తోడుకుంటుంది. రాత్రి ఏడు నుంచి పది దాకా ఊళ్లోని ఫోన్లన్నీ తెరుచుకునే వేళ, టవరుకు దూరాన ఉన్న ఇల్లు కాలువ చివరి చేనులా ఎండిపోతుంది. ఇంట్లో పెట్టిన రౌటరు తనకు బలంగా కనిపించే ఆ ఇరుకు బ్యాండునే పట్టుకుని వేలాడుతుంది. డాబా మీద మంచి యాంటెన్నా ఉన్నప్పుడు బలహీనంగా వచ్చే 1800 గానీ 2300 గానీ వాడుకలోకి వస్తుంది కాబట్టి, రౌటరులో ఆ వసతి ఉంటే దాన్ని ఆ వెడల్పు బ్యాండుకు కట్టివేయవచ్చు. సెట్టింగ్స్‌లో చేసే ఈ చిన్న మార్పుతో సాయంత్రపు వేగం ఎన్నో రెట్లు మెరుగుపడిన ఇళ్లు ఉన్నాయి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇక యాంటెన్నా. దూరదర్శన్ కాలంలో తెలుగు ఊళ్ల కప్పుల మీద చేప ముల్లులా కనిపించిన అల్యూమినియం పుల్లల యాంటెన్నా పేరు యాగీ-ఉడా. జపాన్‌లోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో షింతారో ఉడా, హిదెత్సుగు యాగీ 1926లో వెలుగులోకి తెచ్చిన ఆ రూపమే నేటి 4జీకి కూడా, పుల్లల పొడవు తగ్గి, పనికి వస్తోంది. బొమ్మ సరిగా రావడానికి ఒకరు కప్పెక్కి కడ్డీ తిప్పుతుంటే, కిటికీ లోంచి మరొకరు "ఇంకొంచెం తిప్పు బావా, ఆ, అక్కడే, అక్కడే ఉంచు" అని అరిచిన ఆ పద్ధతే ఇప్పటికీ పద్ధతి. మారిందల్లా కిందివారు చూసేది బొమ్మను కాదు, ఆ రెండు అంకెలను. ముందుగా టవరు ఏ దిక్కున ఉందో చూసుకుని, యాంటెన్నాను అటు గురిపెట్టి, ఆపైన జీఐ పైపుకు బిగించిన క్లాంపును కాస్త వదులు చేసి, ఒక్కోసారి బెత్తెడు చొప్పున జరుపుతూ, ప్రతి జరుపుకూ కనీసం ఒక నిమిషం ఆగి, అంకెలు నిలకడకు వచ్చాక కాగితం మీద రాసుకోవాలి. తొందరపడి తిప్పేవారు అంకెల సహజమైన ఊగిసలాటనే ఫలితమనుకుని మోసపోతారు. మన్యంలో టవరు నేరుగా కనిపించని లోయల్లో, ఎదుటి కొండరాతికి తగిలి తిరిగివచ్చే తరంగమే నేరుగా వచ్చేదానికంటే శుభ్రంగా ఉండడం కూడా కద్దు. అందుకే మంచి దిక్కు టవరు దిక్కే అయి తీరాలన్న నియమం లేదు, అంకెలు ఎటు చెబితే అటే.

4జీ టవరు ఒకే సమయంలో రెండు వేర్వేరు ధారలను, ఒకటి కుడికి 45 డిగ్రీలు, మరొకటి ఎడమకు 45 డిగ్రీలు వాలిన తరంగాలుగా పంపుతుంది; దీనినే మైమో అంటారు. రెండు ధారలూ అందాలంటే రెండు యాంటెన్నాలు గుణకారం గుర్తులా ఒకదానికొకటి అడ్డంగా వాలి ఉండాలి, లేదా ఆ రెండూ లోపలే ఉన్న పలక వంటి ప్యానెల్ యాంటెన్నా కావాలి. దూరదర్శన్ అలవాటుతో ఒకే యాగీని నేలకు సమాంతరంగా బిగించి ఊరుకుంటే, రావలసిన వేగంలో సగం కప్పు మీదనే వదిలేసినట్టు అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది యాంటెన్నాకూ రౌటరుకూ మధ్య ఉండే తీగలో. కొట్లలో తేలికగా దొరికే ఆర్‌జీ-58 రకం సన్నని కేబులు 1800 మెగాహెర్ట్జ్ దగ్గర 10 మీటర్లకు సుమారు 7 డెసిబెళ్లను, అంటే వచ్చిన శక్తిలో ఐదింట నాలుగు వంతులను, దారిలోనే మింగేస్తుంది. మంచి యాంటెన్నా కష్టపడి సంపాదించే లాభం సాధారణంగా 10 డెసిబెళ్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, చివరికి మిగిలేది అతి స్వల్పం. దీనికి విరుగుడు తీగను లావు చేయడం కంటే రౌటరునే పైకి చేర్చడం. యాంటెన్నా, మోడెం వానకు తడవని ఒకే పెట్టెలో ఉండే అవుట్‌డోర్ రకం పరికరాన్ని కప్పు మీద పెడితే, అక్కడి నుంచి ఇంట్లోకి దిగేది కంప్యూటర్లకు వాడే ఈథర్నెట్ తీగ. అంకెల రూపంలో సమాచారాన్ని మోసే ఆ తీగ 100 మీటర్ల దాకా నష్టం లేకుండా పనిచేస్తుంది, పైపెట్టెకు కావలసిన కరెంటు కూడా అదే తీగలో ఎక్కుతుంది. 2023లో జియో, ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన ఎయిర్‌ఫైబర్ సేవల్లో కప్పు మీద బిగించే పెట్టె వెనుక ఉన్నది ఈ ఆలోచనే. రెంటచింతల, భద్రాచలం వంటి చోట్ల మే నెల ఎండకు ఆ పెట్టె లోపలి భాగాలు కాగి వేగం తగ్గించుకుంటాయి గనుక, గురి చెడకుండా పైన చిన్న రేకు నీడ కట్టడం మంచిది.

ఆ రేకు యాంటెన్నా ముఖానికి అడ్డం రాకూడదు. ఇనుప రేకు సిగ్నల్‌కు దాదాపు గోడే, అందుకే రేకుల ఇళ్లలో పెంకుటింట్లో కంటే సిగ్నల్ తక్కువ. చెట్ల మాట కూడా ఇటువంటిదే. మబ్బు పడితే నెట్ పోతుందని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు గానీ, ఈ పౌనఃపున్యాల దగ్గర వానచినుకులు చేసే నష్టం లెక్కలోకి రానిది. కోనసీమలో కొబ్బరాకులు తడిసి నీరు పట్టి ఉండడం వల్ల సిగ్నల్ కొంత తగ్గుతుంది, మిగతాది చాలావరకు టవరుకు కరెంటు పోయి బ్యాటరీ అయిపోవడం వల్లనే. ఒక కంపెనీ ఆగితే మరొకటి ఆదుకుంటుందని రెండు సిమ్‌లు పెట్టుకునేవారు, ఆ రెండు కంపెనీలూ ఒకే ఇనుప స్తంభాన్ని, ఒకే బ్యాటరీ గదిని పంచుకుంటున్నాయేమో ముందుగా చూసుకోవాలి. మన దేశంలో అలా పంచుకోవడం సర్వసాధారణం. రెండో సిమ్ వేరే దిక్కున ఉన్న టవరుదైతేనే దాని వల్ల రక్షణ. ఇంటి వైపున రౌటరుకు కావలసింది 12 వోల్టులు, సుమారు 10 వాట్లు మాత్రమే కాబట్టి, చేతిలో ఇమిడే చిన్న యూపీఎస్ కూడా కొన్ని గంటలు నడుపుతుంది. పిడుగుల కాలంలో పైపుకు ఎర్తింగ్ లేకుండా ఇవేవీ చేయకూడదు.

సిగ్నల్ రాని చోట బూస్టరు అమ్మే దుకాణాల మాట వినకపోవడం మంచిది. టవరు సిగ్నల్‌ను అందుకుని బలం పెంచి మళ్లీ గాలిలోకి వదిలే ఆ పరికరాలను అనుమతి లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అంతకంటే బాధాకరమేమిటంటే, అవి టవరు వైపు వెదజల్లే రొద వల్ల ఊళ్లోని మిగతా ఫోన్ల మాట టవరుకు వినపడకుండా పోతుంది. తన ఇంటికి నీళ్ల కోసం చెరువుకు గండి కొట్టే పని అది. బాహ్య యాంటెన్నా అలా కాదు, సిగ్నల్ బలాన్ని పెంచి మళ్లీ గాలిలోకి వదలకుండా ఉన్నదానినే శ్రద్ధగా వింటుంది.

ప్యాకేజీ సంగతి కొద్దిగా. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాను, సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నడిచే వీడియో పాఠానికి నాలుగున్నర గంటలకే చెల్లిపోతుంది, కాబట్టి యాంటెన్నా కంటే ముందు ప్లాను చూసుకోవాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టుకునేవారికి మరో చిక్కు ఉంది: మొబైల్ కంపెనీలు పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామా ఒక్కదాన్నే వేలమందికి పంచుతాయి గనుక, బయటి నుంచి ఆ చిరునామాతో నేరుగా కెమెరాను చేరడం కుదరదు, కెమెరా కంపెనీ సర్వరు ద్వారా తిరిగి వచ్చే రకం కెమెరానే కొనుక్కోవాలి.

తీరప్రాంతంలో ఏటా వచ్చే గాలివానలకు పైపు వంగకపోయినా క్లాంపు జారి యాంటెన్నా నాలుగు వేళ్లు పక్కకు తిరిగిపోతుంది, నెట్ నెమ్మదించిన కారణం తెలియక ఇంటివారు వారాల తరబడి కంపెనీకి ఫోన్లు చేస్తారు. అనుభవం ఉన్న పనివాడు గురి కుదిరిన రోజునే, బోల్టులు బిగించాక, పైపు మీద నుంచి క్లాంపు మీదికి ఒకే నిలువు గీతగా తెల్ల పెయింటు పూసి దిగుతాడు. గాలి తగ్గిన మర్నాడు ఆ ఇంట్లో ఎవరైనా నిచ్చెన వేసుకుని ఎక్కి, విడిపోయిన ఆ గీత రెండు ముక్కలను మళ్లీ కలిపి, స్పానరుతో బిగించి దిగవచ్చు.