పండు చెప్పే కొలత

శ్రావణ శుక్రవారాలు మొదలయ్యాయంటే వరంగల్ ఇళ్లలో అరటిపండ్లకు లెక్క ఉండదు. పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంటా పసుపు, కుంకుమ, నానబెట్టిన శనగలు, తమలపాకుల మీద రెండు పండ్లు పెట్టి ఒడి నింపుతారు. నాలుగిళ్లు తిరిగొస్తే ఎనిమిది పండ్లు. మనింటి పూజలో పెట్టినవి, భద్రకాళి గుడి నుంచి తెచ్చుకున్నవి వేరే. శనివారం పిల్లలు ఒకటో రెండో తింటారు. ఆదివారానికి తొక్క మీద చుక్కలు తేలతాయి. మంగళవారానికి తొక్క సగం నల్లబడి, పండు మెత్తబడి, ఇక దానివైపు ఎవరూ చూడరు. ప్రసాదం కాబట్టి పారేయడానికి చెయ్యి రాదు. తినడానికి మనసు రాదు.

నాకు కావలసింది ఆ మంగళవారం పండ్లే. వాటితో కేకు చేస్తాను. చాలామంది దీన్ని పాడైపోబోయే పండును గట్టెక్కించే ఉపాయంగా చూస్తారు. నేనలా అనుకోను. కేకుకు సంబంధించినంత వరకు అరటిపండుకు అంతకంటే మంచి రోజు లేదు. శుక్రవారం నాటి పండుతో అదే కేకు చేస్తే చప్పగా, పిండి ముద్దలా వస్తుంది.

దీనికి కారణం పండు లోపలే ఉంది. పచ్చి అరటికాయ గుజ్జులో సుమారు 20 శాతం పిండిపదార్థం ఉంటుంది. కాయ పండుతున్నకొద్దీ అందులోని ఎంజైములు ఆ పిండిని చక్కెరలుగా మారుస్తాయి. బాగా పండేసరికి మిగిలే పిండి ఒకటి రెండు శాతమే, చక్కెరలు మాత్రం 15 నుంచి 20 శాతానికి చేరతాయి. గుజ్జును గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కూడా విడిపోతుంది. అందుకే చేత్తో నొక్కితే చాలు, పండు జావలా అవుతుంది. అరటిపండు వాసన అని మనం గుర్తుపట్టేది ఎక్కువగా ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం వల్ల. అలాంటి సువాసనలు పండు ముదిరేకొద్దీ చిక్కబడతాయి. తీపి, తడి, వాసన, ఈ మూడూ ఒక్కచోట కలిసే రోజు తొక్క నల్లబడ్డాకే వస్తుంది.

అయితే తొక్క నలుపును ఒక్కదాన్నే నమ్మకూడదు. పచ్చిగా ఉన్న పండును ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో తొక్క నల్లబడుతుంది. సుమారు 13 డిగ్రీల కంటే చల్లదనం అరటికి పడదు, తొక్క దెబ్బతిని రంగు మారుతుంది. లోపల పిండి పిండిగానే ఉంటుంది, తీపి రాదు. కార్బైడ్ పెట్టి మాగబెట్టిన పండుదీ ఇలాంటి సంగతే. పైకి పసుపుగా మెరుస్తుంది, లోపల గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు 2011లోనే నిషేధించాయి. దాని బదులు మాగబెట్టే గదిలో ఇథిలీన్ వాయువును మిలియన్‌కు 100 వంతుల వరకు వాడుకోవచ్చు. పండు తనంతట తాను విడుదల చేసేదీ ఆ ఇథిలీనే. కాయల మధ్య ఒక పండును ఉంచి బియ్యం డబ్బాలో పెట్టే పెద్దవాళ్ల పద్ధతి వెనక ఉన్నది ఈ వాయువే.

కాబట్టి ముక్కునూ వేలినీ అడగాలి. తొడిమ దగ్గర వాసన చూస్తే తేనెలాంటి తీపి తగలాలి. నొక్కితే వేలు దిగాలి. ఒలిచాక గుజ్జు మీగడ రంగులో గానీ అక్కడక్కడ గోధుమ రంగులో గానీ ఉండాలి. పుల్లటి కల్లు వాసన వచ్చినా, తొక్క చిట్లి నీరు కారుతున్నా, తొడిమ దగ్గర బూజు కనిపించినా ఆ పండు హద్దు దాటిందని అర్థం. అది మొక్కలకే. ఆ హద్దు తెలియడమే ఈ పనిలో మొదటి విద్య.

మన ఊరి ఎండ ఆ విద్యకు గట్టి పరీక్ష పెడుతుంది. మే నెలలో హన్మకొండలో పొద్దున పసుపుగా ఉన్న పండు మర్నాటికి మచ్చలు తేలుతుంది. సంక్రాంతి చలిలో అదే రంగు పండు నాలుగైదు రోజులు అలాగే ఉంటుంది. బండి మీద పండ్లమ్మే ఆమె అడిగే మొదటి ప్రశ్నలోనే ఈ లెక్కంతా ఉంది. “ఇయ్యాలకా అక్కా, రేపటికా?” అంటుంది. ఇవాళ తినేదైతే ఒక గుత్తి, రేపటిదైతే ఇంకో గుత్తి తీసి ఇస్తుంది. మెత్తబడినవి ఉన్నాయా అని నేనడిగితే బండి కింది బుట్ట చూపిస్తుంది. “గివి పిల్లలు తినరక్కా, మీరైతే కేకు చేస్తరు, తక్కువకే తీసుకపోండ్రి” అని పొట్లం కడుతుంది. ఆమెకు పండు వయసు గంటల్లో తెలుసు. తూకం రాయి కంటే ఆ తెలివిడి విలువైనదని నాకు అనిపిస్తుంది.

బండ్ల మీద ఎక్కువగా దొరికేది జీ-నైన్ రకం, కావెండిష్ కుటుంబానికి చెందిన పొడవాటి పండు. ఒలిస్తే ఒక్కోటి 100 గ్రాములు, కాస్త అటూ ఇటూ తూగుతుంది. మూడు పండ్లకు 300 గ్రాముల గుజ్జు వస్తుంది. దానికి 200 గ్రాముల గోధుమపిండి, 80 మిల్లీలీటర్ల పల్లీ నూనె, పావు కప్పు పెరుగు, తలకొట్టిన చిన్న చెంచాడు వంటసోడా, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకుల పొడి. బెల్లం దగ్గర మాత్రం ఒకే అంకె చెప్పలేను. తొక్కకు చుక్కలే వచ్చిన పండైతే 120 గ్రాములు పడుతుంది. బాగా నల్లబడ్డదైతే 80 చాలు. గుజ్జు మరీ పలచగా జారుతుంటే రెండు చెంచాల పిండి ఎక్కువ, గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు. చక్కెరకేళి లాంటి చిన్న పండ్లయితే లెక్కపెట్టకుండా గుజ్జునే తూచుకోవాలి. పుస్తకంలో రాసిన కొలతను పండు మీద రుద్దకూడదు. ఆ రోజు చేతిలో ఉన్న పండు ఎంత తీపి ఇస్తోందో, ఎంత తడి ఇస్తోందో చూసి మిగతావన్నీ దాని వెనక నడవాలి.

బెల్లం అనగానే మా జిల్లాల వాళ్లకు మేడారం గుర్తుకొస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్నే బంగారమని సమర్పిస్తాం, కొంత ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటాం. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచగా మిగిలినది పాయసంలోకో పరమాన్నంలోకో వెళ్తుంది. మా ఇంట్లో కొంత ఈ కేకులోకీ వెళ్తుంది. ముదురు రంగు బెల్లం అరటి వాసనకు చక్కగా జోడీ కుదురుతుంది. ఇసుక రేణువులు ఉండొచ్చు కాబట్టి కొద్ది నీళ్లలో కరిగించి, వడగట్టి, చల్లార్చాకే గుజ్జులో కలపాలి.

సోడా పని అర్థమైతే సగం కేకు వచ్చినట్టే. అది పులుపు తగిలితేనే బాగా పొంగుతుంది. అరటిపండులో కొద్దిగా, పెరుగులో ఇంకాస్త ఆమ్లం ఉంటుంది. అవి సోడాతో కలవగానే బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిలో బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ఆగవు కాబట్టి పొయ్యి ముందే వేడెక్కి సిద్ధంగా ఉండాలి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. పొడి పిండినీ తడి గుజ్జునూ కలిపేటప్పుడు చెయ్యి ఆపుకోవడం ముఖ్యం. గోధుమపిండిని ఎంత తిప్పితే అంత జిగురు సాగుతుంది. చపాతీకి కావలసిన ఆ జిగురు కేకును రబ్బరులా చేస్తుంది. పొడి పిండి కనపడకుండా పోయిన క్షణమే గరిటె పక్కన పెట్టాలి.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల మీద 50 నుంచి 60 నిమిషాలు. లేకపోతే అడుగు మందంగా ఉన్న పాత గిన్నె చాలు. అడుగున రెండు వేళ్ల మందం ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కించాలి. తర్వాత కేకు డబ్బాను లోపల ఉంచి సన్న మంట మీద వదిలేయాలి. పైన నువ్వులు చల్లితే వేగిన కమ్మదనం తోడవుతుంది. పుల్ల గుచ్చి చూస్తే తడి పిండి అంటకుండా రావాలి. దించిన వెంటనే కోయకూడదు. గంటైనా ఆరనివ్వాలి. మర్నాటికి తడి అంతటా సమంగా సర్దుకుని రుచి ఇంకా పెరుగుతుంది.

ఇందులో గుడ్డు లేదని గమనించే ఉంటారు. శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లలో గుడ్డు ముట్టరు. గుజ్జే పిండిని పట్టి ఉంచి తడినిస్తుంది కాబట్టి లోటు తెలియదు. పండ్లు ఇంటికి ఎక్కువగా వచ్చే నెలలు, గుడ్డు మానేసే నెలలు ఒకటే కావడం ఈ కేకును మన ఇళ్లకు మరింత దగ్గర చేసింది.

దీన్ని పరాయి వంట అనేవాళ్లున్నారు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇల్లాళ్లు నల్లబడ్డ పండ్లను పారేయలేక బ్రెడ్ చేయడం మొదలుపెట్టారు. అప్పటికే సోడా, బేకింగ్ పౌడర్ ప్రతి కొట్టులో దొరికేవి. 1933లో పిల్స్‌బరీ పిండి కంపెనీ వేసిన వంటల పుస్తకంలో అది అచ్చయింది. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని మళ్లీ అదే చేసింది, మన దగ్గర ఎందరో మొదటిసారి ఓవెన్ వెలిగించిందీ అప్పుడే. కానీ మాగిన అరటిపండును బెల్లంతో, పిండితో కలిపి వండడం మనకు ఎప్పటినుంచో ఉంది. గోధుమపిండిలో పండు పిసికి అరటిపండు అప్పాలు వేసే ఇళ్లు ఎన్నో. మంగళూరు వాళ్లు మైదాలో పండు, పెరుగు, సోడా కలిపి నానబెట్టి బన్స్ వేయిస్తారు. కేరళలో బియ్యప్పిండి, బెల్లం, పండుతో ఉన్నియప్పం చేస్తారు. పళని కొండ మీది పంచామృతం విరూపాక్షి అరటిపండుతో చేస్తారు, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీటన్నిటిలో పండు ఎంత ముదిరిందో చూసి తీపి వేసే చెయ్యి ఒకటే. నూనె బాండీ స్థానంలో పొయ్యి పెట్టె వచ్చింది, అంతే.

ఆ చెయ్యి ఇప్పుడు తగ్గిపోతోందని నా దిగులు. ప్రతి డబ్బా మీదా గడువు తేదీ చూసి తినడానికి అలవాటుపడ్డాం. తేదీ ముద్రించని వస్తువు ముందు తడబడుతున్నాం. మెత్తబడ్డ పండును పిల్లలు ఛీ అంటే వెంటనే చెత్తబుట్టలో వేస్తున్నాం. అరటి పండించడంలో మన దేశానిదే ప్రపంచంలో మొదటి స్థానం. ఆ పండు ఏ రోజుకు ఎలా ఉంటుందో, ఏ రోజున దేనికి పనికొస్తుందో మన పిల్లలకు తెలియకపోతే ఎలా? చేతికి పండు ఇచ్చి వాసన చూడమంటే, నొక్కమంటే, గుజ్జు పిసికి రుచి చూసి ఇంకెంత బెల్లం పడుతుందో చెప్పమంటే వాళ్లు ఇట్టే నేర్చుకుంటారు. పదేళ్ల పిల్ల కూడా సరిగ్గా చెప్పగలదు.

శ్రావణ శుక్రవారం నాడు తాంబూలంలో వచ్చిన పండ్లు ఫ్రిజ్‌లో పెట్టకండి, బుట్టలో గాలి తగిలేలా ఉంచండి. ఒకేసారి ఎక్కువ మాగిపోతే ఒలిచి, గుజ్జు డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వేయండి, రెండు మూడు నెలలు ఆగుతుంది. కరిగాక ఊరిన నీటిని పారబోయవద్దు, తీపి అందులోనూ ఉంటుంది. మంగళవారం కేకు చేసి, మీకు పండ్లు ఇచ్చిన ఇళ్లకే రెండేసి ముక్కలు పంపండి. ఎలా చేశావని వాళ్లు అడుగుతారు. అంకెలు చెప్పే ముందు పండును ఎలా చూడాలో చెప్పండి.